డివిజన్ నిధులు దేనికి ఖర్చు పెట్టాలో కాలనీవాళ్లు చెప్పాలంటే ఎప్పుడు, ఎవరి దగ్గరికి, ఏ కాగితంతో వెళ్లాలి? (విజయవాడ)

ఐదువీధులు_పాయకాపురం

అందరికీ నమస్కారం. పాయకాపురం వైపు ఐదు వీధులు, సుమారు 240 గడప. సొంత ఇళ్లు, అద్దె ఇళ్లు, రెండు చిన్న అపార్ట్‌మెంట్లు, చివర్లో రేకుల ఇళ్లు కలిసి ఉన్నాయి. కావలసిన పనులు: ఒక వీధికి సైడు కాలువ, ఇంకో వీధికి సీసీ రోడ్డు, మలుపు దగ్గర రెండు వీధి దీపాలు, పార్కుకు ప్రహరీ, అంగన్‌వాడీ ముందు నీళ్లు నిలవకుండా మెరక. అన్నీ ఒకే ఏడాదిలో కావని అందరికీ తెలుసు. ఏది ముందో మేమే కూర్చుని తేల్చుకుని, ఆ మాట కార్పొరేషన్ బడ్జెట్‌లోకి ఎక్కేలా చేయాలని ఆలోచన.

పల్లెల్లో గ్రామసభ ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతటా 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు పెట్టి పనులు తీర్మానించారు. నగరంలో ఉన్నవాళ్లకు అలాంటి చోటు ఏది? బడ్జెట్ తయారీ ఏ నెలలో మొదలవుతుంది? అర్జీ ఎవరికివ్వాలి, అందులో ఏం రాయాలి? మాలో మాకు పేచీ రాకుండా ఏ పని ముందో ఎలా తేల్చుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

పద్దుల_పుస్తకం

ఐదువీధులు గారూ, ముందు నెలల సంగతి. బడ్జెట్ అనగానే అందరికీ ఫిబ్రవరి, మార్చి గుర్తొస్తాయి. కానీ అప్పటికి పద్దులన్నీ అయిపోయి ఉంటాయి. మన కార్పొరేషన్ల చట్టాలకు మూలం 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. దాని లెక్క ప్రకారం కమిషనర్ వచ్చే ఏడాది జమాఖర్చుల అంచనాలు తయారుచేయించి నవంబరు 10 నాటికి స్టాండింగ్ కమిటీ ముందు పెట్టాలి. అక్కడి నుంచి కౌన్సిల్‌కు వెళ్లి ఫిబ్రవరి 20 లోపు ఆమోదం పొందాలి. ఆచరణలో ఈ తేదీలు వెనక్కి జరగడం మామూలే. అయినా వరస మారదు: ఇంజినీరింగ్ విభాగం నుంచి పనుల జాబితా ముందు వెళ్తుంది, అకౌంట్స్ విభాగం దానికి అంకెలు సర్దుతుంది, ఆ తర్వాతే సభ్యుల చర్చ. అంటే మీ పని వివరం దసరాకు ముందే డివిజన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) టేబుల్ మీద ఉండాలి. వినాయక చవితి పందిరి వేసే రోజుల్లోనే మీ కాలనీ సమావేశం పెట్టుకోవడం మంచిది. ఎలాగూ అందరూ ఒకచోటికి వస్తారు.

ఇక ఆ పుస్తకం చదివే పద్ధతి. పోయినేడాది బడ్జెట్ ప్రతిని మీ కార్పొరేటర్ దగ్గర చూడండి, లేదా స.హ. (సమాచార హక్కు) చట్టం కింద అడగండి. ప్రతి పద్దుకూ అడ్డంగా మూడు అంకెలుంటాయి: ముందటి ఏడాది వాస్తవం, నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. అసలు కథంతా ఈ మూడింటి మధ్య తేడాలో ఉంటుంది. ఒక పద్దులో ఏటా పది కోట్లు రాసి వాస్తవంలో మూడు కోట్లే ఖర్చవుతోందంటే అది కోరిక మాత్రమే, డబ్బు కాదు. అలాంటి పద్దు కింద మీ పని చేరినా టెండరు దాకా వెళ్లడం కష్టం. అంచనాకూ వాస్తవానికీ దగ్గరగా నడిచే పద్దు ఏదో చూసుకుని, దానికింద అడగండి.

ఆదాయంలో అన్నీ ఒక రకం డబ్బులు కావు. ఇంటిపన్ను, ఖాళీ స్థలాల పన్ను, నీటి చార్జీలు, ప్లాన్ ఫీజులు, షాపుల అద్దెలు సాధారణ నిధిలోకి వస్తాయి. అందులో జీతాలు, పారిశుధ్యం, నీళ్ల పంపింగుకు కరెంటు బిల్లు ముందే పోతాయి. విజయవాడలో కొండప్రాంతాల ఇళ్లకు నీళ్లు ఎక్కించే బూస్టర్ల ఖర్చు కూడా ఇందులోదే. మిగిలినదాని మీదే పౌరుల మాటకు విలువ ఉంటుంది. అది చిన్న మొత్తమే. అందుకే కోరిక కూడా కొలతతో ఉండాలి.

రెండో రకం షరతులతో వచ్చే గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘం కాలంలో (2021–26) విజయవాడను పది లక్షల జనాభా దాటిన నగర ప్రాంతాల జాబితాలో లెక్కించారు. ఆ జాబితాకు వచ్చే గ్రాంటులో మూడో వంతు గాలి నాణ్యతకు, మిగతా రెండు వంతులు తాగునీరు, పారిశుధ్యం, చెత్త నిర్వహణకు. గుంటూరు ఆ జాబితాలో లేదు కాబట్టి అక్కడ 40 శాతం షరతుల్లేనిది, 60 శాతం నీళ్లకూ పారిశుధ్యానికీ కట్టేసింది. షరతుల్లేని సొమ్మునైనా జీతాలకు వాడకూడదు. 2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం కాలం, కాబట్టి ఆ ఏటి మార్గదర్శకాలు తెప్పించుకుని చదవండి. దీనివల్ల ఒరిగేదేమిటంటే, మీ పార్కు ప్రహరీని పారిశుధ్యం గ్రాంటులో అడిగితే ఫైలు మొదటి మెట్టు మీదే ఆగుతుంది. రోడ్డు అంచున దుమ్ము లేవకుండా పేవర్ బ్లాకులు, చెట్లు అడిగితే గాలి నాణ్యత పద్దుకు సరిపోతుంది. అర్జీలో పని పేరుతో పాటు ఏ పద్దుకింద సాధ్యమో ఒక వాక్యం రాయండి. అవతల ఫైలు చూసే మనిషికి ఆ వాక్యం చాలా పని తగ్గిస్తుంది.

లెవెల్_ట్యూబు

పై జవాబు డబ్బు వైపు నుంచి. నేను పని వైపు నుంచి చెబుతాను.

అడిగే ముందు ఆ జాగా ఎవరిదో తేల్చుకోవాలి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ గట్లు జలవనరుల శాఖవి. బుడమేరు కూడా వాళ్లదే. పెద్ద రోడ్లలో కొన్ని ఆర్ అండ్ బీవి, కొన్ని జాతీయ రహదారుల కిందివి. కరెంటు స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్‌ది, దానికి తగిలించే దీపం కార్పొరేషన్‌ది. కాబట్టి మీ మలుపు దగ్గర స్తంభం ఉండి దీపం లేదా, అసలు స్తంభమే లేదా అన్నదాన్ని బట్టి అర్జీ రెండు వేర్వేరు ఆఫీసులకు వెళ్తుంది. ఇంకొకటి, లేఅవుట్ కాగితాలు. రోడ్లూ పార్కు స్థలమూ కార్పొరేషన్‌కు రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించారో లేదో చూసుకోండి. అప్పగించని స్థలంలో ప్రభుత్వ డబ్బుతో ప్రహరీ కట్టాలంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. పార్కుల పనులు ఎక్కువగా ఆగేది ఇక్కడే.

కాలువ సంగతి కాస్త పొడుగ్గా చెప్పాలి. ఎందుకంటే జనం ఎక్కువగా అడిగేదీ, కట్టాక కూడా ఎక్కువగా విఫలమయ్యేదీ ఇదే.

మీ వీధి పొడవు 180 మీటర్లు అనుకుందాం. మురుగు తనంతట తాను కొట్టుకుపోవాలంటే సెకనుకు 0.6 మీటర్ల వేగమైనా ఉండాలి, లేకపోతే ఇసుక అడుగున కూర్చుంటుంది. దానికోసం 300కు 1 వాలు పెట్టారంటే 180 మీటర్లకు కాలువ అడుగు 60 సెంటీమీటర్లు దిగాలి. మీ వైపు నేల బల్లపరుపు. మొదట్లో 45 సెంటీమీటర్ల లోతుతో మొదలుపెడితే చివరికి 105 సెంటీమీటర్లు అవుతుంది. ఇప్పుడు చూడాల్సింది ఆ చివర. అది కలిసే పెద్ద డ్రెయిన్ అడుగు 105 కంటే కిందికి ఉందా? 80 దగ్గరే ఉంటే మీ కాలువ కొత్తదే అయినా పెద్ద డ్రెయిన్ నీళ్లు వెనక్కి తన్ని మీ వీధిలోకే వస్తాయి. అప్పుడు 180 మీటర్ల కాలువ అడగడం కన్నా పెద్ద డ్రెయిన్ పూడిక తీయించడం, అడ్డంగా ఉన్న ఇరుకు కల్వర్టు మార్పించడం అడగాలి. ఖర్చు తక్కువ కావచ్చు, ఫలితం నాలుగు వీధులకు అందుతుంది.

ఈ కొలత మీరే తీయొచ్చు. తాపీమేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ ట్యూబులో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, పది పది మీటర్లకు రోడ్డు మట్టం తేడా రాసుకుంటూ వెళ్లండి. ఇద్దరు మనుషులు, ఒక టేపు, ఒక పూట పని. ఇంజినీరు ఎలాగూ తన సర్వే తాను చేస్తారు, మీ అంకెలు దానికి బదులు కావు. కానీ ఏ చోట చూడాలో చూపిస్తాయి. వానాకాలంలో ఇంకొక రికార్డు పెట్టండి: ఐదారు చోట్ల గోడమీద గుర్తులు గీసి, వాన ఆగిన అరగంటకు ఎన్ని సెంటీమీటర్ల నీళ్లు, అవి ఎన్ని గంటల్లో పోయాయి అన్నది తేదీతో, ఫోటోతో. 2024 సెప్టెంబరు బుడమేరు వరద లెక్క ఇందులో కలపకండి. అది వీధి కాలువతో తీరే సమస్య కాదు, కలిపితే మీ మామూలు వాన లెక్క బలహీనపడుతుంది.

సీసీ రోడ్డు విషయంలో జనం తప్పు చేసేది వరసలో. ముందు తాగునీటి పైపు, యూజీడీ (భూగర్భ మురుగు పైపు) ఇంటి కనెక్షన్లు, సైడు కాలువ. ఆ తర్వాతే రోడ్డు. తిరగేసి చేస్తే ఏడాది తిరక్కుండానే కొత్త రోడ్డు కోయాలి. పాత రోడ్డు మీదే కొత్తది పోస్తే మట్టం 15 సెంటీమీటర్లు లేస్తుంది, గడపలు పల్లంలో పడతాయి. పాతది తవ్వి తీసి పోయాలని ఎస్టిమేటులోనే రాయించండి. పని మొదలయ్యాక చెబితే అది అదనపు ఐటం కింద మళ్లీ అనుమతికి వెళ్లాలి.

డబ్బు లెక్కలో ఒక చిన్న విషయం మరవద్దు. "మీ డివిజన్‌కు పది లక్షలు" అంటే పది లక్షల పని కాదు. పని విలువ మీద 18 శాతం జీఎస్టీ, 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సు పోతే నికర పని సుమారు 8.4 లక్షలు. మీ జాబితా ఈ అంకెకు సరిపోవాలి.

ఏరియాసభ_కావాలి

గ్రామసభ లాంటిది నగరంలో ఏది అని అడిగారు. రాజ్యాంగంలోనే సమాధానం ఉంది. 74వ సవరణ తెచ్చిన 243-ఎస్ అధికరణం మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంటోంది. విజయవాడ, గుంటూరు రెండూ అందులోకి వస్తాయి. మన రాష్ట్ర చట్టాల్లో వార్డు కమిటీతో పాటు దానికింద ఏరియా సభ కూడా ఉంది. చాలామంది వార్డు సచివాలయమే వార్డు కమిటీ అనుకుంటారు. రెండూ పూర్తిగా వేరు. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయం సుమారు 4,000 జనాభాకు ఒకటి చొప్పున పెట్టిన ప్రభుత్వ కార్యాలయం, అందులో ఉన్నది ఉద్యోగులు. వార్డు కమిటీ పౌరులు కూర్చుని ఏది కావాలో తీర్మానించే వేదిక. మొదటిది ఉందని రెండోదాన్ని వదులుకోకూడదు. మీ డివిజన్‌లో కమిటీ ఏర్పడిందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది, మినిట్స్ ఎక్కడున్నాయి అని రాతపూర్వకంగా అడగండి. ఏర్పడకపోతే ఏర్పరచమని సంతకాలతో అర్జీ పెట్టండి. మీ కాలువ అర్జీతో కలపకుండా, విడిగా.

అయితే సచివాలయాన్ని వాడుకోవాలి. అక్కడి ఎమినిటీస్ కార్యదర్శి రోడ్లు, డ్రెయిన్లు, నీళ్లు చూసే మనిషి. మీ కొలతలు ముందు ఆయనకో ఆమెకో చూపించి, ఏఈతో కలిసి ఒకసారి వీధి తిరగమని అడగండి. సోమవారం పీజీఆర్ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక)లో కూడా అర్జీ నమోదు చేసి రసీదు నంబరు ఉంచుకోండి. కాకపోతే అది ఫిర్యాదుల దారి. "పూడిక తీయలేదు" అన్నదానికి బాగా పనికొస్తుంది, "వచ్చే ఏడాది ఈ పని చేర్చండి" అన్నదానికి అది ఒక్కటే సరిపోదు.

ఇక మీలో మీరు తేల్చుకునే పద్ధతి. ఇది లోకానికి కొత్త కాదు. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరం 1989 నుంచి పేటలవారీగా సభలు పెట్టి పెట్టుబడి పనులు జనంతో ఎంపిక చేయించింది. అక్కడ జనం కోరిన వరస ఒక్కటే చూడలేదు. ఆ పేటలో ఆ సౌకర్యం ఎంత కొరతగా ఉంది, ఎంతమంది ఉన్నారు అన్నవాటికీ మార్కులిచ్చారు. కేరళ 1996లో ప్రజాప్రణాళిక మొదలుపెట్టి రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలింది, అక్కడి పట్టణాల్లో వార్డు సభలున్నాయి. పుణె కార్పొరేషన్ 2006 నుంచి పౌరుల దగ్గర పనుల ఫారాలు తీసుకుంటోంది, ఒక్కో పనికి ఐదు లక్షల పరిమితి పెట్టి. మీరు చేయబోయేది వీటికంటే చిన్నదే, నియమాలు మాత్రం అవే పనికొస్తాయి.

చేతులెత్తించి ఓటు పెట్టకండి. గొంతు పెద్దదైన వీధే గెలుస్తుంది. ఇలా చేయండి. పనులు ఎనిమిదికి మించకుండా తగ్గించి, ఒక్కోదానికి ఒక డబ్బా, డబ్బామీద పని బొమ్మ, రమారమి ఖర్చు. చదువు రానివాళ్లకూ అర్థమవ్వాలి. ఒక్కొక్కరికి పది చింతగింజలు. ఒకే డబ్బాలో నాలుగుకు మించి వేయకూడదు. అప్పుడు ఎవరైనా కనీసం మూడు పనుల గురించి ఆలోచించాల్సిందే. తన గుమ్మం ముందు రోడ్డుకు నాలుగు వేసినా మిగతా ఆరు వేరేచోట పడతాయి.

ఒక్క సమావేశంతో సరిపెట్టొద్దు. ఆదివారం సాయంత్రం ఆరింటికి పెడితే ఉద్యోగస్తులు వస్తారు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లూ రాత్రి డ్యూటీవాళ్లూ రారు. మామూలు రోజు మధ్యాహ్నం రేకుల ఇళ్ల దగ్గరే రెండోసారి అవే డబ్బాలు పెట్టండి. అద్దెకున్నవాళ్లకూ గింజలివ్వాలి. ఇంటిపన్ను రసీదు ఓనర్ పేరున ఉంటుంది, కానీ ఆ పన్ను అద్దెలోనే వసూలవుతుంది, ఆ మురుగులో నడిచేదీ వాళ్లే. ఈ మాట మీద గొడవ తప్పక వస్తుంది. అందుకే నియమం ముందే రాసి అతికించండి, లెక్క మొదలయ్యాక మార్చకండి.

గింజలు లెక్కపెట్టాక ఇంకొక లెక్క వేయాలి. ఆ సౌకర్యం అసలే లేని చోటా, ఉండి పాడైన చోటా? ఎన్ని గడపలకు ఉపయోగం? పిల్లలు, ముసలివాళ్లు, చక్రాల కుర్చీవాళ్లు నడిచే దారా? గింజలకు 60 మార్కులు, కొరతకు 25, గడపలకు 15 అనుకోండి, లేదా మీకు సబబు అనిపించినట్టు. అంగన్‌వాడీ ముందు మెరక లాంటి పనికి గింజలు తక్కువ పడతాయి, ఎందుకంటే పిల్లలు ఓటెయ్యరు. ఈ రెండో లెక్క దాన్ని కాపాడుతుంది.

బ్రాడీపేట_లైను

గుంటూరు నుంచి ఒక ప్రశ్న. కౌన్సిల్ గడువు ముగిసి ప్రత్యేకాధికారి ఉన్న కాలంలో ఇదంతా ఎవరికివ్వాలి? మాకు 2010 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు. 2021 మార్చిలో వచ్చినదానికీ రాజ్యాంగం ప్రకారం ఐదేళ్లే.

ఇంకొక మాట. ఇంత శ్రమ ఎందుకు, ఎంపీ నిధుల నుంచి అడిగితే త్వరగా అయిపోతుంది కదా?

పద్దుల_పుస్తకం

బ్రాడీపేట గారూ, కౌన్సిల్ లేకపోయినా బడ్జెట్ ఆగదు. కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ చేయాల్సిన తీర్మానం ప్రత్యేకాధికారి చేస్తారు. మీ కాగితం మూడు ప్రతులు: ఒకటి ప్రత్యేకాధికారికి, ఒకటి కమిషనర్‌కు, ఒకటి ఇంజినీరింగ్ విభాగానికి. మూడింటిమీదా ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. ఇలాంటి కాలంలో కార్పొరేటర్ జీరో అవర్‌లో లేవనెత్తే దారి ఉండదు. కాబట్టి సంతకాల సంఖ్య, కొలతల నాణ్యత ఇంకా ఎక్కువ బరువు మోయాలి. విజయవాడలో 64, గుంటూరులో 57 డివిజన్ల నుంచి జాబితాలు వస్తాయి, అధికారికి ప్రతి వీధీ తెలియదు. కాగితమే చెప్పాలి.

ఎంపీ నిధులు మంచి దారే, అయితే దాని పరిధి తెలుసుకోవాలి. ఒక్కో ఎంపీకి ఏడాదికి ఐదు కోట్లు, అది ఏడు అసెంబ్లీ నియోజకవర్గాల మొత్తానికి. అందులో 15 శాతం ఎస్సీ ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకు పోవాలి. మన్నికైన ఉమ్మడి ఆస్తి కట్టడానికే వాడాలి: కమ్యూనిటీ హాలు, నీళ్ల ట్యాంకు, కాలువ. పూడిక తీయడం, దీపాల నిర్వహణ లాంటి ఏటేటా వచ్చే ఖర్చుకు కుదరదు. ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగం చేస్తుంది, ఎస్టిమేటు మళ్లీ అదే ఇంజినీర్లు వేస్తారు. అంటే లెవెల్ ట్యూబు గారు చెప్పిన కొలతలు ఎటు వెళ్లినా తప్పవు. రేకుల ఇళ్లవైపు ఎస్సీ కుటుంబాలు ఎక్కువ ఉంటే ఆ వివరం అర్జీలో రాయండి.

ఒక్క విషయంలో ఏరియాసభ గారితో కొంచెం తేడా. మార్కుల పట్టిక ఎక్కువ బిగిస్తే జనానికి తాము వేసిన గింజల మీద నమ్మకం పోతుంది. "మేం గింజలు వేసిన పని మొదటిది వచ్చింది, పట్టికలో మూడోదైపోయింది" అంటే వచ్చే ఏడాది రారు. కొరత లెక్క ముందే వేసి, కొరత అంతగా లేని కోరికలను డబ్బాల దాకా రానివ్వకుండా చూడటం మేలు. డబ్బాలు పెట్టాక గింజలదే తుది మాట.

ఏరియాసభ_కావాలి

ఒప్పుకోలేను. ముందు వడకడితే వడకట్టేది ఎవరు? సంఘం పెద్దలు ఐదుగురే కదా. వాళ్లింట్లో కూర్చుని తీసేసిన పని గురించి మిగతావాళ్లకు తెలియనే తెలియదు. మార్కులు గోడమీద అందరి ముందూ వేస్తే, వరస మారినా ఎందుకు మారిందో కనబడుతుంది. కావాలంటే రెండు వరసలూ, గింజల వరసా మార్కుల వరసా, అర్జీలో పక్కపక్కన పెట్టండి.

ఐదువీధులు_పాయకాపురం

చాలా స్పష్టంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. రెండు వరసలూ పెట్టడం మాకు నచ్చింది. ఒకటే సందేహం: పని బడ్జెట్‌లో చేరాక మా పాత్ర అయిపోయినట్టేనా? పేరు పుస్తకంలో ఉండి పని జరగకపోతే?

పది_రూపాయల_అర్జీ

అసలు జారిపోయేది అక్కడే. బడ్జెట్‌లో చేరడం అనుమతి మాత్రమే. ఆ తర్వాత పరిపాలనా ఆమోదం, సాంకేతిక ఆమోదం, టెండరు, అగ్రిమెంటు, పని, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), బిల్లు. పరిపాలనా ఆమోదం రాకుండా మార్చి దాటితే వచ్చే ఏడాది మళ్లీ మొదటికి. టెండరు పిలిచినా ఎవరూ రాకపోవచ్చు. పాత బిల్లులు చెల్లించని పద్దుకింద పనికి కాంట్రాక్టర్లు ముందుకు రారు. మొదట్లో పద్దుల పుస్తకం గారు అంచనాకూ వాస్తవానికీ తేడా చూడమన్నది ఇందుకే. నెలకొకసారి ఏఈని ఒక్క ప్రశ్న అడగండి: ఫైలు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది? సమాధానం తేదీతో రాసుకోండి.

కాలం కూడా చూసుకోవాలి. పెద్ద డ్రెయిన్‌నో కాలువనో తాకే పని ఏదైనా వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే అవుతుంది. డెల్టాకు నీళ్లు వదిలితే ఇక తదుపరి వేసవి దాకా ఆగాలి. కాబట్టి అగ్రిమెంటు మార్చికల్లా అయ్యేలా వెంటపడండి.

పని మొదలయ్యాక కాగితాలు. కార్పొరేషన్‌కు స.హ. అర్జీ రుసుం పది రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే సరిపోతుంది. తెల్లరేషన్ కార్డుదారులు బీపీఎల్ ఆధారం జతచేస్తే రుసుం లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దానిమీదా తృప్తి లేకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు, అది సమాచారం కాదంటారు. ఇవి అడగండి: మంజూరైన ఎస్టిమేటు నకలు, అగ్రిమెంటు, ఎం-బుక్ పేజీలు, చెల్లించిన బిల్లులు, నాణ్యత పరీక్షల నివేదికలు. ఒక్కో పనికి ఒక్కో అర్జీ. సెక్షన్ 2(జె) కింద పనిని చూసే హక్కు, అధికారికంగా నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఇది చాలామంది వాడుకోవట్లేదు.

ఎస్టిమేటు చేతికొచ్చాక లెక్క వీధిలోనే సరిచూడొచ్చు. 180 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం రోడ్డుకు 94.5 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఒక ట్రాన్సిట్ మిక్సర్ లారీలో ఆరు ఘనపు మీటర్లు వస్తుంది. అంటే పదహారు లారీలు రావాలి. పన్నెండే వచ్చాయంటే మందం 11 సెంటీమీటర్ల దగ్గరుందని అర్థం. పోసే ముందే పక్కపలకల ఎత్తు టేపు పెట్టి చూడండి, పోశాక వాదించి లాభం లేదు. నాలుగు, నాలుగున్నర మీటర్లకొక జాయింటు ఒక రోజు లోపు కోయాలి. కోయకపోతే రోడ్డు తనకు నచ్చినచోట పగులుతుంది. నీళ్లు కనీసం 14 రోజులు నిలవాలి. ఇది వంతులవారీగా చూసుకోవడానికి పక్కింటివాళ్లకంటే తగినవాళ్లు లేరు. 15 సెంటీమీటర్ల క్యూబులు మీ కళ్లముందే పోయించి, వాటిమీద తేదీ రాయించండి. 28 రోజుల పరీక్ష నివేదిక ఆ తేదీతో సరిపోవాలి.

లారీల లెక్క రాసేవాళ్లు పోతపోసే రోజు ఉదయం నుంచి చివరి లారీ వరకు ఉండాలి, మధ్యలో భోజనానికి మనిషి మారాలి. ప్రతి లారీ డెలివరీ చలానా మీద నంబరు, సమయం, పరిమాణం ఉంటాయి. చలానాను ఫోనులో ఫోటో తీసుకుంటే చాలు, డ్రైవరుతో పేచీ అక్కర్లేదు.

లెవెల్_ట్యూబు

దీనికి ఒక్కటి కలుపుతాను. కాలువ పనికి కూడా పోత ముందు రోజు చూడాల్సింది ఉంది. పక్కగోడలు లేవకముందే, అడుగు బెడ్డు వేసిన రోజు సాయంత్రం, పై చివర రెండు బకెట్ల నీళ్లు పోయండి. నీళ్లు ఎక్కడైనా ఆగితే ఆ చోట సుద్దతో గుర్తు పెట్టి ఏఈకి ఫోటో పంపండి. గోడలు లేచాక ఆ గుంట సరిచేయడం ఎవరివల్లా కాదు.